5.9 బ్లాకులో 6.7 క్రాంకు కూర్చుంటుందా?

ప్రశ్న: మాది విజయవాడ. పాత టాటా టిప్పరు ఉంది. కమ్మిన్స్ 6బీటీ ఇంజను, 5.9 లీటర్లు, మెకానికల్ పంపు. మూడో సిలిండరు కాన్‌రాడ్ బేరింగు పట్టేసి క్రాంకు పిన్ను మీద గాట్లు పడ్డాయి. గ్రైండింగ్ షాపులో కొలిచి, ఇప్పటికే ముప్ఫై సైజులో ఉందని (అంటే 0.75 మి.మీ. అరగదీసి ఉందని), ఇక నలభైకి పోవడమే మిగిలిందని, అదే ఆఖరని చెప్పారు. ఆటోనగర్‌లో పాత సామాన్ల వ్యాపారి దగ్గర రెండు క్రాంకులు ఉన్నాయి. ఒకటి 6.7 లీటర్ల కమ్మిన్స్ లారీది. మెయిన్లు, పిన్నులు మా కొలతలే కాబట్టి నేరుగా కూర్చుంటుందని, స్ట్రోకు ఎక్కువ గనక లోడు బాగా లాగుతుందని అంటున్నాడు. రెండోది 5.9 జనరేటరు ఇంజనుది, దానికి ధర ఎక్కువ చెబుతున్నాడు. ఏది తీసుకోమంటారు?

సమాధానం: 6.7 క్రాంకు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. జనరేటరు క్రాంకు పనికొస్తుంది, అయితే కొన్ని కొలతలు మీ కళ్ళముందు తీయించాకే డబ్బు ఇవ్వండి. మీ పాత క్రాంకును కూడా అప్పుడే తుక్కు కింద లెక్కకట్టకండి. దాని సంగతి చివర్లో చూద్దాం.

వ్యాపారి చెప్పినదాంట్లో సగం నిజం. రెండు క్రాంకులకూ మెయిన్ జర్నల్, అంటే బ్లాకులో కూర్చుని తిరిగే గుండ్రటి భాగం, 83 మి.మీ., కాన్‌రాడ్ పట్టుకునే పిన్ను 69 మి.మీ. కాన్‌రాడ్ రెండు కన్నాల మధ్య దూరం కూడా రెండు ఇంజన్లలో 192 మి.మీ.యే. అందుకే 6.7 క్రాంకు మీ బ్లాకులో పడుకుంటుంది, క్యాపులు బిగిస్తే తిరుగుతుంది కూడా. చాలామంది ఇక్కడే మోసపోతారు. తిరిగింది కదా అని పిస్టన్లు ఎక్కించి హెడ్డు బిగించబోయే వేళకు అసలు తేడా బయటపడుతుంది.

ఆ తేడా స్ట్రోకుది, అంటే పిస్టను కింది నుంచి పైదాకా కదిలే దూరానిది. మీ ఇంజను బోరు, అంటే సిలిండరు వెడల్పు, 102, స్ట్రోకు 120. 6.7కు బోరు 107, స్ట్రోకు 124. స్ట్రోకులో 4 మి.మీ. పెరిగితే పిస్టను పైన 2 మి.మీ. ఎక్కువ ఎక్కుతుంది, కింద 2 మి.మీ. ఎక్కువ దిగుతుంది. మీ పిస్టను ఇప్పటికే బ్లాకు పైతలం కంటే కొద్దిగా పైకి లేచే ఉంటుంది, ఆ మీద ఉన్న సందు గాస్కెట్టు మందంలో మిగిలేదే. అందులోకి ఇంకో 2 మి.మీ. ఎక్కడ పడుతుంది? పిస్టను తల నేరుగా హెడ్డుకు కొడుతుంది.

మందపు గాస్కెట్టు వేస్తే సరిపోదా అని అడిగేవాళ్ళుంటారు. లెక్క చూడండి. మీ ఇంజనులో ఒక్కో సిలిండరు 980 సీసీ. కంప్రెషన్ 17.5 అనుకుంటే పిస్టను పైన మిగిలే చోటు దాదాపు 59 సీసీ. 102 బోరులో 2 మి.మీ. అంటే 16 సీసీ. తగలకుండా ఎలాగో సర్దారే అనుకున్నా ఆ చోటు 43 సీసీకి దిగి, కంప్రెషన్ 24.5 దాకా పోతుంది. టర్బో ఉన్న ఇంజనులో ఆ ఒత్తిడికి ముందు గాస్కెట్టు పోతుంది, తర్వాత హెడ్డు బోల్టులు సాగుతాయి, చివరికి రాడ్డు వంగుతుంది. పోనీ గాస్కెట్టుతోనే 2 మి.మీ. పెంచుదామంటే అంత మందం గాస్కెట్టు హెడ్డు కింద సీలు నిలబెట్టదు.

6.7 పిస్టన్లే వేద్దామంటే అవి 107 మి.మీ.వి, మీ బోరు 102. ఈ బ్లాకుకు విడి లైనర్లు లేవు, బోరు బ్లాకులోనే తొలిచింది. కంపెనీ ఓవర్‌సైజు పిస్టన్లు 0.50, 1.00 మి.మీ. వరకే. 5 మి.మీ. తొలిస్తే సిలిండరు గోడకు బలం ఉండదు. ఇక మిగిలిన దారి, పిన్ను కన్నం నుంచి తల దాకా 2 మి.మీ. తక్కువ ఉండే 102 పిస్టన్లు ప్రత్యేకంగా చేయించడం. అమెరికాలో పికప్పు ట్రక్కుల ఇంజన్లకు రేసుల కోసం చేసేది అదే. రామ్ పికప్పులో వచ్చే 6.7కు టైమింగ్ గేర్లు (క్రాంకు నుంచి క్యామును తిప్పే గేర్లు) ముందు వైపే ఉంటాయి కాబట్టి అక్కడి క్రాంకు 5.9 బ్లాకులో కుదురుతుంది. మన దగ్గర లారీల్లో వచ్చే 6.7కు టైమింగ్ గేర్లు వెనుక, ఫ్లైవీల్ వైపు ఉంటాయి. మీ 6బీటీకి గేర్లు ముందు, డాంపర్ పుల్లీ వెనకాల కేసులో ఉంటాయి. కాబట్టి వ్యాపారి చూపిస్తున్న క్రాంకు పిస్టన్ల సంగతి అటుంచి, అసలు మీ క్యాము గేరునే తిప్పలేదు. దాని గేరు వెనుక ఫ్లాంజి దగ్గర, మీ బ్లాకులో చోటే లేని తావులో ఉంటుంది.

ఇంత చేసినా వచ్చే లాభం ఎంత? 102 బోరు, 124 స్ట్రోకు అంటే 6 సిలిండర్లకు 6,080 సీసీ. మీ 5,883 సీసీ కంటే నూటికి మూడు పైచిలుకు. లోడు మీద అది తెలియను కూడా తెలియదు. టిప్పరు లాగడం లేదంటే టర్బో గాలి, పంపు క్యాలిబ్రేషన్, ఇంజక్టర్లు, ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలరు ఉంటే దాని గొట్టాల లీకు చూడాలి గానీ క్రాంకు మార్చి బలం తెచ్చుకునే పని కాదు. పైగా మీ ఆర్‌సీలో 5,883 సీసీ అని రాసి ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆ వివరాలు మారేలా బండిలో మార్పు చేయకూడదు.

తిరగేసి కొందరు 6.7 బ్లాకులో 5.9 క్రాంకు వేయబోతారు. అది మరో రకం చెరుపు. పిస్టను 2 మి.మీ. కిందే ఆగిపోయి, 17.3 ఉండాల్సిన కంప్రెషన్ 13.5 దగ్గరికి పడుతుంది. ఇంజను తిరుగుతుంది, ఎక్కడా తగలదు, కానీ పొద్దున్నే స్టార్టు కాదు, అయితే తెల్లపొగ. కారణం తెలియక పంపు విప్పి, ఇంజక్టర్లు మార్చి డబ్బు తగలేసుకుంటారు.

ఒకే ఇంటిపేరున్న ఇంజన్లన్నిటితోనూ ఈ తంటా ఉంది. టాటా 497 తీసుకోండి. 4 సిలిండర్లు, 97 బోరు అని ఆ పేరే చెబుతుంది, స్ట్రోకు ఎంతో చెప్పదు. 407లో వచ్చే 2,956 సీసీ 497కు స్ట్రోకు 100. 3,783 సీసీ 497కు 128. అంటే పిస్టను ఎక్కే ఎత్తులో 14 మి.మీ. తేడా. 697 కూడా 97 బోరు, 128 స్ట్రోకే, 5,675 సీసీ. మెర్సిడెస్ ఓఎం 352 కొలతలు అవే. కానీ ఓఎం 352 తర్వాత వచ్చిన 366కు స్ట్రోకు 133. అందుకే పాత క్రాంకు కొనేటప్పుడు పేరు అడగకండి, సీసీ అడగండి. సీసీని సిలిండర్లతో, బోరు వైశాల్యంతో భాగిస్తే స్ట్రోకు వచ్చేస్తుంది.

ఇక జనరేటరు క్రాంకు. ఎవరి మాటా నమ్మక్కర్లేదు, కొలిచి చూస్తే అదే చెబుతుంది. క్రాంకును రెండు చివరి మెయిన్ల దగ్గర వీ-బ్లాకుల మీద పెట్టించండి. ఒక పిన్నును పూర్తిగా పైకి తెచ్చి దాని పైఅంచు ఎత్తు కొలవండి, తర్వాత అదే పిన్నును పూర్తిగా కిందికి తిప్పి మళ్ళీ పైఅంచు ఎత్తే కొలవండి. రెండింటి తేడాయే స్ట్రోకు. 120 రావాలి. 124 వస్తే అది 6.7ది, ఎవరు ఏ చీటీ అంటించినా సరే. సరిచూసుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. పిన్ను పైన ఉన్నప్పుడు మెయిన్ జర్నల్ పైఅంచుకూ పిన్ను పైఅంచుకూ మధ్య ఎత్తు తేడా చూడండి. 5.9కి 53 మి.మీ., 6.7కి 55. మెయిన్లు, పిన్నులు ఒకే సైజుకు గ్రైండు చేసి ఉంటే ఈ అంకె మారదు, రెండూ సమానంగా తగ్గుతాయి గనక.

క్రాంకు వీ-బ్లాకుల మీదుండగానే నడిమి మెయిన్ దగ్గర, అంటే నాలుగోదాని మీద, డయల్ గేజ్ పెట్టి ఒక చుట్టు తిప్పితే వంపు తెలుస్తుంది. ముల్లు ఊగుతుంటే ఆ క్రాంకు వదిలేయండి. ప్రెస్సులో పెట్టి తిన్నగా చేస్తామంటారు. చేస్తారు కూడా, కానీ అలా సరిచేసిన క్రాంకులో ఒత్తిడి లోపలే ఉండిపోతుంది, టిప్పరు పనిలో అది నిలవదు.

తర్వాత జర్నళ్ళు. స్టాండర్డు అయితే మెయిన్ 82.962 నుంచి 83.013 మధ్య, పిన్ను 68.962 నుంచి 69.013 మధ్య ఉండాలి. ఒక్కో జర్నల్‌ను రెండు అడ్డాల్లో, రెండు అంచుల దగ్గరా మైక్రోమీటరుతో చూడాలి. కోడిగుడ్డు తేడా 0.050 దాటకూడదు, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సన్నబడటం 0.013 దాటకూడదు. వెర్నియరుతో చూసి సరిపోయిందనే షాపులో ఈ పని చేయించకండి, వందో వంతు మి.మీ. దగ్గర వెర్నియరు తేల్చలేదు. గోరుతో జర్నల్ మీద అడ్డంగా గీయండి. గోరు తట్టుకునే గీత ఉంటే అది ఎలాగూ గ్రైండింగుకు పోవాల్సిందే. ఆయిల్ కన్నాల మూతుల దగ్గర వెలుతురులో వాల్చి చూడండి. పాత క్రాంకుకు వెల్డింగు పోసి గ్రైండు చేసి ఉంటే అక్కడ రంగు తేడా, సన్నటి చుక్కలు కనబడతాయి. అలాంటిది వద్దు. క్రాక్ టెస్టు మాత్రం అయస్కాంత పద్ధతిలోనే చేయించండి. సుత్తితో కొట్టి గంట మోగిందా అని వినడం పాతకాలపు అలవాటు, సన్నటి పగుళ్ళు అందులో వినబడవు. పగులు వచ్చేది ఎక్కువగా జర్నల్ గోడతో కలిసే ఆ గుండ్రటి మూలలో. గ్రైండింగు రాయి ఆ మూలను పదునుగా కోసేస్తే అక్కడే క్రాంకు విరుగుతుంది. మీ పాత క్రాంకు మూలను, ఈ క్రాంకు మూలను ఒకే రేడియస్ గేజితో పోల్చమనండి.

జనరేటరు ఇంజను 1500 ఆర్‌పీఎం దగ్గరే ఎప్పుడూ తిరుగుతుంది, లారీ ఇంజను కింది నుంచి పైదాకా అన్ని వేగాలూ తిరుగుతుంది. క్రాంకుకు అది పెద్ద తేడా కాదు గానీ డాంపరుకు తేడాయే. ఆరు సిలిండర్ల క్రాంకు పొడుగు, ప్రతి పేలుడుకూ మెలితిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ ఊపును మింగేది డాంపరు. కాబట్టి జనరేటరు డాంపరు వాడకుండా మీ టిప్పరుదే ఉంచండి. ముందు దాని రబ్బరు చూడండి. లోపలి హబ్బు మీద, బయటి రింగు మీద ఎదురెదురుగా గీతలుంటాయి. అవి 1.5 మి.మీ. కంటే ఎక్కువ పక్కకు జరిగి ఉంటే రబ్బరు జారింది, కొత్తది వేయాలి. ఫ్లైవీల్ బోల్టు కన్నాలు, వెనుక సీలు కూర్చునే తలం, ముందు గేరు కూర్చునే ముక్కు, పైలట్ బేరింగు చోటు మీ పాత క్రాంకు పక్కన పెట్టి ఒక్కొక్కటీ సరిచూడండి. జనరేటరు ఇంజను ఎలక్ట్రానిక్ రకానిది అయితే, అంటే ఐఎస్‌బీఈ తరంది అయితే, దాని గేర్లూ వెనకే ఉండొచ్చు. బోరు స్ట్రోకు రెండూ కలిసినా అది మీకు పనికిరాదు. అందుకే ఏ ఇంజను నుంచి విప్పారో ఆ బ్లాకును, లేదా టైమింగు కేసునైనా చూపించమనండి.

ముందు గేరు మార్చాల్సి వస్తే వేడిచేసే ఎక్కించాలి, అదీ ఓవెనులో, 150 డిగ్రీలు దాటకుండా. గ్యాస్ టార్చితో ఎర్రగా కాల్చిన గేరు పళ్ళ పదును పోయి కొన్నాళ్ళకే అరుగుతుంది. ముక్కు మీది డోవెల్ పిన్ను చూసుకుని, టైమింగ్ గుర్తు బయటికి కనబడేలా ఎక్కించండి.

టైమింగు కేసు ఎలాగూ విప్పుతారు కాబట్టి ఒక పని తప్పకుండా చేయండి. 6బీటీ టైమింగు కేసును బ్లాకుకు కుదిర్చే ఒక చిన్న డోవెల్ పిన్ను ఉంటుంది, చిటికెన వేలి కొసంత. ఏళ్ళ తరబడి అదురుకు అది మెల్లగా కదిలి ముందుకు జారి, గేర్ల మధ్య పడుతుంది. పడితే గేరు పళ్ళు విరుగుతాయి, కేసు పగులుతుంది, ఇంజను మొత్తం మళ్ళీ విప్పాల్సి వస్తుంది. దాన్ని లోపలికి కొట్టి, కన్నం అంచును సెంటరు పంచితో నాలుగు వైపులా నొక్కేయండి, లేదా పక్క బోల్టు కింద చిన్న రేకు ముక్క పెట్టి అడ్డం కట్టండి. ఐదు నిమిషాల పని.

బిగించేటప్పుడు మెయిన్ క్యాపులు మీ బ్లాకువే, నంబర్ల ప్రకారమే వేయాలి. బోరు క్యాపుతో కలిపి తొలిచింది గనక వేరే బ్లాకు క్యాపు వేస్తే గుండ్రం పోతుంది. మెయిన్ బోల్టులు ఒక్కసారే కాకుండా 60, 119, 176 న్యూటన్ మీటర్లుగా మూడు విడతల్లో, నడుమ నుంచి చివరలకు బిగించాలి. కాన్‌రాడ్ బోల్టులు 35, 70, 100. ముందు ప్లాస్టిగేజ్ (సందు కొలిచే సన్నటి ప్లాస్టిక్ దారం) పెట్టి బిగించి విప్పి చూడండి. మెయిన్ల దగ్గర సందు 0.119 మి.మీ. దాటితే సైజు తప్పింది. బిగించాక క్రాంకు ముందుకూ వెనక్కూ 0.10 నుంచి 0.43 మి.మీ. మధ్య కదలాలి. అసలు కదలకపోతే థ్రస్టు బేరింగు తప్పు తావులో పడిందేమో, చెత్త ఇరుక్కుందేమో చూడండి. పిస్టన్లు ఎక్కించకముందు క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పండి, ఎక్కడా బిగుసుకోకూడదు.

పిస్టన్లను చల్లబరిచే నూనె నాజిళ్ళు మీ ఇంజనులో మెయిన్ బేరింగుల సీట్లలోనే ఉంటాయి. పైబేరింగు కన్నం నాజిల్ మీదికి సరిగ్గా వచ్చిందో లేదో ఒక్కొక్కటీ కళ్ళతో చూడండి. అక్కడ కన్నం లేని బేరింగు పడితే ఆ పిస్టను కాలిపోతుంది.

కొత్త క్రాంకు వేసినంత మాత్రాన మూడో బేరింగు ఎందుకు పట్టిందో అన్న ప్రశ్న పోదు. మూడో రాడ్డు పెద్ద కన్నం నీలం తిరిగి ఉంటే ఆ రాడ్డు మార్చండి. మార్చేటప్పుడు బరువు మిగతా ఐదింటితో తూచి కలపండి. క్యాపు విరగ్గొట్టి చేసిన రకం రాడ్డు, మిషను మీద కోసిన రకం రాడ్డు కలగలపకండి. క్రాంకులో నూనె దారులను వైరు బ్రష్షు పెట్టి, డీజిలుతో కడిగి, గాలి కొట్టించండి. అందరూ మరిచిపోయేది ఆయిల్ కూలరు. ఫిల్టరు వెనక ఉండే ఆ పలకల మధ్య పాత బేరింగు పొట్టు చిక్కుకుని ఉంటుంది. అది కడిగినా పూర్తిగా పోదు, కొత్త ఎలిమెంటు వేయడమే మంచిది. లేకపోతే ఆ పొట్టే కొత్త బేరింగుల్లోకి వస్తుంది.

ఇప్పుడు మీ సొంత క్రాంకు సంగతి. ముప్ఫై సైజు అంటే 0.75 తగ్గింది, నలభై అంటే 1.00 మి.మీ. ఆ సైజు బేరింగులు దొరుకుతాయి. మూడో పిన్ను గాట్లు ఆ పావు మి.మీ.లో పోతాయా, క్రాక్ టెస్టులో నెగ్గుతుందా, అన్నది చూడాలి. పిన్ను పట్టేసినప్పుడు వేడికి నీలం తిరిగిందంటే పైపొర గట్టిదనం పోయి ఉంటుంది. చిన్న హార్డ్‌నెస్ మీటరుతో మూడో పిన్నునూ, దెబ్బ తగలని మొదటి పిన్నునూ కొలిపించి పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే ఆరు పిన్నులూ నలభైకి గ్రైండు చేయించి వాడుకోవచ్చు, మెయిన్లు బాగుంటే వాటిని ముట్టుకోనక్కర్లేదు. మూడోది మెత్తబడి ఉంటే గ్రైండింగుకు డబ్బు పెట్టకండి, జనరేటరు క్రాంకు తీసుకోండి. అది స్టాండర్డో పది సైజో అయితే ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు, ముందు ముందు మూడు నాలుగు సార్లు గ్రైండు చేసుకునే మెటలు దానిలో ఉంటుంది.

అంతా బిగించాక వెంటనే స్టార్టు చేయకండి. డీజిలు ఆపు తీగ లాగి ఉంచి, స్టార్టరుతో ఒక విడతకు 30 సెకన్లు మించకుండా తిప్పండి, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. ఆయిల్ ప్రెషరు చూపించాకే డీజిలు వదలండి. వేడెక్కాక స్లోలో 10 పీఎస్ఐ తగ్గకూడదు, పూర్తి వేగంలో 30 పీఎస్ఐ ఉండాలి. అరగంట నడిపి ఫిల్టరు తీసి, డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు ఒక్కొక్కటీ విప్పి తెల్లగుడ్డ మీద పరచండి. ఎండలో పట్టి చూస్తే బూడిద రంగు జిడ్డు కొద్దిగా ఉండొచ్చు, అది కొత్త రింగులది. వెండి రేకుల్లాంటి తళుకులు గానీ, రాగి రంగు నలుసులు గానీ కనబడితే బండి లోడుకు పంపకుండా ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబరు విప్పి మూడో బేరింగు నుంచి చూసుకుంటూ రండి.